బ్రహ్మయ్య కోసం లేచిన సభ

చైనాలో బ్రహ్మయ్య అడుగు పెట్టగానే సభ సభంతా లేచి నిలబడింది. నరసరావుపేటలో ఈ మాట నమ్మనివారు లేరు. బ్రహ్మయ్య ఊరు రొంపిచెర్లలో ఆ మాట బయలుదేరినప్పుడు ఆ సభలో వందలమందే ఉన్నారు. పేట బస్టాండు చేరేసరికి వేలయ్యారు. గురజాల దాటి మాచర్ల ముట్టేసరికి వారిలో మంత్రులూ సైన్యాధికారులూ కూడా చేరిపోయారు. మిగతా సరుకులు ప్రయాణంలో తరుగుతాయి. వినికిడి మాట ఒక్కటే పెరుగుతుంది.

పైగా ఇది ఉత్త వినికిడి కూడా కాదు. వీడియో ఉంది. ఎవరి ఫోను తెరిచినా అదే. పెద్ద హాలు, వేదిక మీద ఎర్రటి బ్యానరు, దాని కింద వరసగా పూలకుండీలు. పక్క తలుపు తెరుచుకుంటుంది. తెల్ల పంచె, లాల్చీ, వాటిమీద ఊదారంగు స్వెట్టరు, భుజాన కండువాతో బ్రహ్మయ్య లోపలికి వస్తాడు. ఆయన రెండడుగులు వేశాడో లేదో, సూటూ బూటూ వేసుకున్న ఆ జనమంతా ఒక్క పెట్టున లేచి నిలబడుతుంది. బ్రహ్మయ్య తడబడి చేతులు జోడిస్తాడు. వెనక నుంచి ఢంకాలూ బూరలూ మోగుతూ పాట వస్తుంది, సినిమాలో కథానాయకుడు ఊళ్ళోకి దిగేటప్పుడు వచ్చే రకం. అంతటితో వీడియో అయిపోతుంది. చూసినవాడు మళ్ళీ మొదటినుంచి చూస్తాడు.

నమ్మనివాడు ఒక్కడే మిగిలాడు. ఆయన చెన్నకేశవులు. పేటలో కాలేజీ కుర్రాళ్ళకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. అమ్మానాన్నలు మాచర్ల దేవుడి పేరు పెట్టారు గానీ ఆయన ఏ దేవుణ్ణీ నమ్మడు. ఏ వీధిలో వేపచెట్టుకు పాలు కారుతున్నాయన్నా, ఏ ఇంట్లో పటం నుంచి విభూతి రాలుతోందన్నా, చేతిసంచిలో భూతద్దం వేసుకుని వెళ్ళేవాడు. పాలు కాదు, బాక్టీరియా చేరి చెట్టు కాండం కుళ్ళితే వచ్చే పులిసిన రసమని ఓపిగ్గా చెప్పి, దణ్ణం పెడుతున్నవాళ్ళను నొప్పించకుండా తిరిగివచ్చేవాడు. అందుకే ఆయన నమ్మకపోయినా ఆయన మాటను ఊరు నమ్మేది.

కాని ఈసారి ఆయన నమ్మకపోవడానికి శాస్త్రదృష్టి ఒక్కటే కారణం కాదు. బ్రహ్మయ్య ఆయనకు తోడల్లుడు.

అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటారు, తోడల్లుళ్ళు మర్యాద పంచుకుంటారు. ఆస్తిని కొలవడానికి గొలుసులుంటాయి, మర్యాదకు లేవు. మామగారున్నన్నాళ్ళు పెద్దల్లుడు చెన్నకేశవులుకు వసారాలో పేము కుర్చీ, చిన్నల్లుడు బ్రహ్మయ్యకు నులకమంచం. మాంసం వండిన రోజున మూలుగ బొక్క పెద్దల్లుడి కంచంలోనే పడేది. "మా పెద్దల్లుడు లెక్చరరు" అని మామగారు ఊరందరికీ చెప్పేవాడు. చిన్నల్లుడి గురించి అడిగితే, "వ్యవసాయం, మంచోడు" అనేవాడు. ఆ 'మంచోడు' అన్న మాటలోని చిన్నచూపును చెన్నకేశవులు ఏనాడూ ఖండించలేదు. ఖండించవలసినంత అన్యాయమేదీ అందులో ఆయనకు కనిపించలేదు.

అలాంటి బ్రహ్మయ్య చైనా వెళ్ళాడు. చెన్నకేశవులు పాస్‌పోర్టు రెండుసార్లు గడువు తీరి రెండుసార్లు కొత్తదైంది గాని, ఏ పుస్తకంలోనూ ఒక్క దేశం ముద్ర పడలేదు.

వెళ్ళడానికి కారణం మిరపకాయ. నల్ల తామరపురుగు పూలలో చేరి పల్నాడు మిరపతోటలన్నిటినీ తుడిచిపెట్టిన ఏడాది, బ్రహ్మయ్య చేలో అక్కడక్కడ కొన్ని చెట్లు పచ్చగా నిలబడ్డాయి. పరామర్శకు వెళ్ళిన చెన్నకేశవులు వాటిని చూసి, "వీటికి గుడ్డపేలికలు కట్టి గుర్తు పెట్టుకో. పూత విచ్చకముందే పల్చటి గుడ్డసంచి తొడుగు. పక్క చెట్ల పుప్పొడి తగలనివ్వకు. కాయ విడిగా కొయ్యి" అని చెప్పి వచ్చాడు. చెప్పడానికి కాఫీ తాగినంత సేపు పట్టింది. చేయడానికి బ్రహ్మయ్యకు మూడు పంటలు పట్టాయి. ఈ రెండింటిలో చెన్నకేశవులుకు మొదటిదే బాగా గుర్తుంది.

గుంటూరు మిరపను చూడవచ్చిన చైనా శాస్త్రవేత్తలు ఆ చేనూ చూశారు. తరువాత వాళ్ళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మిరప పరిశోధన కేంద్రం తెరుస్తూ, మిరప పండే దేశాల నుంచి దేశానికొక రైతును అతిథిగా పిలిచారు. మన దేశం నుంచి బ్రహ్మయ్యను పిలిచారు.

తిరిగివచ్చిన వారానికి బ్రహ్మయ్య, భార్య ధనమ్మతో కలిసి పేటకు వచ్చాడు. ధనమ్మ తన అక్క గురవమ్మ చేతిలో చైనా తేయాకు డబ్బా పెట్టింది. చెన్నకేశవులు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది మన అస్సాం మొక్కే. జాతి ఒకటే. ఆకు పులియబెట్టరు, అంతే తేడా" అని పక్కన పెట్టాడు.

"మీకేం తెచ్చినా అస్సాం నుంచే వచ్చుద్దిలే బావా," అని ధనమ్మ నవ్వింది.

అక్కడి సంగతులేవీ అడగకూడదనే చెన్నకేశవులు అనుకున్నాడు. కాని నాలుక కురుపు మీదికి పోయే వేలు లాంటిది. "సభ ఎలా జరిపారు?" అని అడిగేశాడు.

"ఏం చెప్పమంటావన్నయ్యా! కుర్చీ ముందర అట్టముక్క నిలబెట్టి నా పేరు రాశారు. పైన వాళ్ళ రాత, కింద ఇంగ్లీషు. ఆ అట్ట ఏడుంటే ఆడే కూకోవాల. బల్ల మీద మూత కప్పు, అందులో ఉత్త వేణ్ణీళ్ళు. ఒక గుక్క తాగామా, ఎనకమాల నుంచి ఒకమ్మాయి వచ్చి మళ్ళా నింపుద్ది. పోసింది తాగకపోతే బాగుండదని నేను తాగటం, ఖాళీ అయిందని ఆ పిల్ల పొయ్యటం. రిబ్బను ఒక్కళ్ళే కత్తిరించరు. పెద్దోళ్ళందర్నీ వరసన నిలబెట్టి, తలా కత్తెర, తలా జత తెల్ల చేతితొడుగులు ఇచ్చారు. రిబ్బనుకి ఎర్రపట్టు పువ్వులు, ఇంతింత. అయ్యి కింద పడకూడదంట. ఒక్కో పువ్వు కింద ఒక పిల్ల పళ్ళెం పట్టుకుని నిలబడ్డది."

"నీకూ కత్తెర ఇచ్చారా?"

"ఇచ్చారన్నయ్యా. కొసాకర నిలబెట్టారు."

'కొసాకర' అన్న మాట చెన్నకేశవులు గొంతులో తేనెచుక్కలా దిగింది.

"బంగారు రంగు కత్తెర. చూపులకేగానీ తెగలా! మన కల్లంలో తొడిమలు తీసే ఆడోళ్ళైతే గోటితో గిల్లి పారేసేవోళ్ళు. ఆఖర్న మెట్ల మీద ఫోటో. ఎవరు ఏడ నిలబడాలో నేల మీద ముందే చీటీలంటించారు."

"ఎన్నో మెట్టు?"

"రెండోదన్నయ్యా."

తేనెచుక్క చేదైపోయింది.

"అసలు సంగతి చెప్పవేం!" అంది ధనమ్మ మొగుడితో. "ఈయన తలుపు తీసుకుని పోంగానే హాలు హాలంతా లేచి నిలబడిందక్కా! వీడియో ఉంది. నదీం చేత పాట గూడా కలిపించా."

"ఊరుకోయే," అన్నాడు బ్రహ్మయ్య. ముఖం ఎర్రబడింది. వెంటనే కోల్డ్ స్టోరేజీ సంగతి ఎత్తుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక చెన్నకేశవులు వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా తేయాకు డబ్బా మూత తీసి వాసన చూశాడు. కొత్త గడ్డి వాసన. బాగుంది. బాగున్నందుకు ఆయనకు కోపం వచ్చింది.

ఆ తరువాత నెల రోజులు ఆయన పడిన బాధకు వైద్యశాస్త్రంలో పేరు లేదు. పాలప్యాకెట్టుకు వెళ్తే, "మీ తోడల్లుడికి చైనావాళ్ళు లేచి నిలబడ్డారంటగా సార్!" క్షవరానికి వెళ్తే అద్దంలో వెనకవాడి ఫోను, ఫోనులో బ్రహ్మయ్య. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా, తరగతిలోకి అడుగు పెట్టినప్పుడు లేచి నిలబడిన పిల్లలు సగమే. మిగతా సగం బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించేవారు. అది అంతగా పట్టించుకోవలసిన విషయమని ఆయనకు ఇప్పుడే తట్టింది.

అంతమంది ఒక పల్లెటూరి రైతు కోసం ఎందుకు లేస్తారు? ఈ ప్రశ్న న్యాయమైనది. ఎవరైనా అడగవలసినదే. అయితే చెన్నకేశవులు దాన్ని పొద్దున లేస్తూనే అడిగేవాడు, అన్నం కలుపుతూ అడిగేవాడు, జవాబు ఫలానాదే కావాలని ముందే కోరుకుంటూ అడిగేవాడు. వీడియో పదేపదే చూశాక ఒక సంగతి పట్టుబడింది. లేచినవాళ్ళలో ఒక్కరూ తలుపువైపు చూడటం లేదు. అందరి ముఖాలూ వేదికవైపే ఉన్నాయి. అక్కడ ఏం జరుగుతోందో తెలియాలంటే చప్పుడు వినాలి. ఆ చప్పుడును పాట మింగేసింది.

ఆయన తిన్నగా నదీం దగ్గరికి వెళ్ళాడు. నదీం ఒకప్పటి శిష్యుడు. అరండల్‌పేటలో మొబైల్ షాపు నడుపుతూ, పెళ్ళి వీడియోలకు పాటలు కలుపుతుంటాడు.

"రండి సార్, కూర్చోండి. టీ చెప్పనా? చైనాది లేదు, మనదే," అన్నాడు నదీం.

ఆ హాస్యాన్ని చెన్నకేశవులు ఆస్వాదించలేదు. "బ్రహ్మయ్య వీడియో, నువ్వు పాట కలపకముందుది, ఉందా?"

"ఉంటది సార్. దుబాసీ అమ్మాయి తీసి పంపింది రెండున్నాయి. ఒకటి లోపలికొచ్చేది, ఇంకోటి ఆయన మాట్లాడింది. రెండోది బోరు సార్, ఎవరూ చూడరు. మొదటిదాంట్లో గూడా ఏందో బ్యాండు మేళం గోలగా ఉంటే తీసేసి పాటేశా. ఎంత పైకి లేచిందో చూశారుగా!"

రెండు వీడియోలూ తన ఫోనులోకి ఎక్కించుకుని చెన్నకేశవులు ఇంటికి నడవలేదు, దాదాపు పరుగెత్తాడు. మొదటిది పెట్టి విన్నాడు. ఒక ఆడగొంతు మైకులో గంభీరంగా ఏదో ప్రకటించింది. కుర్చీలు చప్పుడయ్యాయి. బ్యాండు మొదలైంది. ఆయన గురవమ్మ ఫోను కూడా తీసుకుని, అందులో చైనా జాతీయగీతం వెతికి పెట్టాడు. ఒక ఫోను ఈ చెవికి, ఒక ఫోను ఆ చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. బాణీ ఒకటే.

గురవమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఏందండీ అది? రెండు చెవులకి రెండు ఫోన్లు! డాక్టరు ఒక్క చెవికే గదా మిషను పెట్టుకోమంది?"

"జాతీయగీతమే, జాతీయగీతం! మీ చెల్లెలి మొగుడి కోసం కాదు వాళ్ళు లేచింది. వాళ్ళ గీతం కోసం లేచారు. సరిగ్గా అప్పుడే ఈయన తలుపు తీశాడు. అంతే!" ఆయన తొడమీద చరుచుకుని నవ్వాడు.

గురవమ్మ నవ్వలేదు. "వేపచెట్టు పాలప్పుడు మీరిట్టా నవ్వలేదు."

"అదీ ఇదీ ఒకటేనే. ఊరంతా అబద్ధాన్ని మోస్తుంటే..."

"ఆ రోజు 'పాపం, జనం' అన్నారు. ఇయ్యాల కాయ దొరికిన కోతి నవ్వినట్టు నవ్వుతున్నారు. నిజమే చెప్తారు, కాదన్లా. మీ నోట్లోంచి వచ్చిందంటే మాత్రం కుళ్ళు అంటారు." కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆమె ఇంకొక మాట చేర్చింది: "అనటమేంది, కుళ్ళే."

ఆ మాటతో చెన్నకేశవులు నవ్వు ఆగింది. పట్టణంలో ఆయనకున్న ఆస్తి ఒక్కటే: ఈయన ఎవరి పక్షమూ కాదు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు అన్న పేరు. ఈ నిజం చెబితే ఆ పేరు పోతుంది. చెప్పకపోతే కడుపుమంట పోదు. ఫోను జేబులో పెట్టుకుని ఆయన రోజుల తరబడి తిరిగాడు. దాన్ని చెప్పేందుకు, తనది కుళ్ళు అనిపించకుండా చెప్పేందుకు ఒక దారి కోసం వెతికాడు. దొరకలేదు.

ఇంతలో ఒక మధ్యాహ్నం బ్రహ్మయ్యే మోటారుసైకిలు మీద వచ్చాడు, ఒంటరిగా. మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టకుండానే అన్నాడు:

"అన్నయ్యా, అసలు వీడియోలు నువ్వు తీసుకుపోయావంట. నదీం చెప్పాడు."

చెన్నకేశవులు చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది.

"మంచి పని చేశావు. నువ్వే చెప్పాల. నేను చెప్తే నమ్మట్లేదు."

"ఏం చెప్పాలి?"

"నేను ఒంటికి పోయి దారి తప్పానని." బ్రహ్మయ్య తల దించుకున్నాడు. "ఆ వేణ్ణీళ్ళన్నయ్యా! సభ మొదలవబోతుందనంగా ఆపుకోలేక బయటికి పోయా. తిరిగొచ్చేటప్పటికి తలుపులన్నీ ఒక్క తీరుగానే ఉండయ్యి. చివరికి ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని తెచ్చి తలుపు తీసింది. తియ్యంగానే అంతా లేచారు. బిత్తరపోయి దణ్ణం పెట్టా. ఒక్కళ్ళూ నా మొగం చూడ్లా. అప్పుడు తెలిసింది, అది వాళ్ళ జనగణమనని."

"ఊళ్ళో ముందే చెప్పకపోయావా?"

"మొదట్లో సిగ్గేసింది. మా ధనమ్మ మురిసిపోతుంటే నోరు రాలా. తర్వాత చెప్పా, నలుగురిలో చెప్పా. 'చూశావా, ఎంత అణకువో' అంటారే గానీ నమ్మితేగా! చెప్పేకొద్దీ ఇంకా గట్టిగా నమ్ముతున్నారు."

"నమ్మితే నీకేం నష్టం? బాగానే ఉందిగా."

ఆ మాటలోని పులుపు బ్రహ్మయ్యకు అందిందో లేదో తెలియదు. "నాకు గాదన్నయ్యా. మా ఊళ్ళో ఎవరూ కాయ అమ్మట్లా. కాయ నింపిన టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీలోనే ఉంచారు. గుంటూరు యార్డులో రేటు రోజురోజుకీ దిగిపోతుంది. బ్రహ్మయ్య వస్తే చైనావోళ్ళు లేచి నిలబడతారు, ఆయనొక్క మాటంటే కంపెనీవోళ్ళు లారీలేసుకుని ఊళ్ళోకే వస్తారు అని కూకున్నారు. ఆంజనేయులు ఈ ఆదివారం నాకు సన్మానం పెట్టాడు గదా, ఆ సభలోనే సంఘం పెడతాడంట. కాయంతా సంఘానికే ఇయ్యాల, యార్డుకి తోలకూడదని ప్రమాణాలు చేయిస్తాడంట. నాకు ఆడ ఒక్క కంపెనీవోడు గూడా తెలవదన్నయ్యా! తెలిసిందల్లా ఆ వేణ్ణీళ్ళు పోసిన పిల్ల."

ఆంజనేయులు వాళ్ళ మండల నాయకుడు. మోసగాడు కాదు, తన కాయ కూడా అదే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, తాను కూడా నమ్మినవాడు. అలాంటివాణ్ణి ఆపడం ఇంకా కష్టం.

చెన్నకేశవులుకు ఒళ్ళు మండింది. పులిని కొట్టడానికి మాటు వేసి కూర్చుంటే, ఆ పులే నడిచివచ్చి తూటాలు చేతిలో పెట్టినట్టుంది. నెల్లాళ్ళు నిద్ర మానుకుని సంపాదించిన ఆయుధం ఇది. దీన్ని బ్రహ్మయ్యకు ఉపకారంగా వాడాలి. పైగా ఊరి దృష్టిలో దుర్మార్గుడు తానే కావాలి.

"అక్కడ మైకులో మాట్లాడావు కదా," అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "గుడ్డసంచుల సంగతి చెప్పావా?"

"చెప్పకుండా ఎట్టా? అదే గదా చెప్పాల్సింది."

"ఎవరు నేర్పారని చెప్పావు?"

బ్రహ్మయ్య చెంబు కింద పెట్టాడు. "నీ పేరు చెబుదామనే అనుకున్నా. మైకు చూడంగానే మరిచిపోయానన్నయ్యా."

అబద్ధం ఆడి ఉంటే ద్వేషించడం సులువయ్యేది. అది నిజమని ముఖం మీదే ఉంది. "చూద్దాం," అని మాత్రం అని, చెన్నకేశవులు పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

ఆదివారం పేటలో కల్యాణమండపం నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ట్రాక్టర్ల మీద వచ్చారు. వేదిక మీద బ్రహ్మయ్య, ఆంజనేయులు, ఇంకా కొందరు పెద్దలు. విజ్ఞానవంతుడు, పైగా తోడల్లుడు కాబట్టి చెన్నకేశవులుకూ ఒక కుర్చీ వేశారు. కొసాకర.

ముందుగా నదీం తెర మీద ఆ వీడియో వేశాడు. ఢంకాలు మోగాయి. తలుపు తెరుచుకుంది. చైనా సభ లేచింది. అది చూసి కల్యాణమండపం కూడా లేచింది. ముందు వరసలో ఒకరు లేచారు, వెనక పదిమంది, ఆ వెనక అందరూ. వేదిక మీదివాళ్ళూ లేచారు. నరసరావుపేట బ్రహ్మయ్య కోసం నిజంగానే లేచి నిలబడింది.

చెన్నకేశవులు లేవలేదు. మోకాళ్ళు లేద్దామన్నాయి, కడుపు వద్దంది. లేచి ఉన్న అంతమంది మధ్య కూర్చున్నవాడు కొండమీద దీపంలా కనిపిస్తాడు. అందరూ ఆయన్నే చూశారు.

తరువాత బ్రహ్మయ్య మైకు అందుకున్నాడు. చెప్పవలసిందంతా సూటిగా చెప్పాడు, ఒంటికి వెళ్ళిన సంగతితో సహా. జనం పగలబడి నవ్వి, చప్పట్లతో హాలు అదరగొట్టారు.

"చూశారా!" అని ఆంజనేయులు మైకు లాక్కున్నాడు. "నిండుకుండ తొణకదు! ఇంత పేరొచ్చినా ఎంత తగ్గి మాట్లాడుతున్నాడో చూడండి. ఇట్టాంటోడు మనకి ముందుంటే చైనా మన గుమ్మంలోకి రాదా? సంఘంలో చేరేవోళ్ళు ఒక్కొక్కళ్ళే రాండి!"

కుర్చీలు కదిలాయి. రైతులు వరస కట్టడం మొదలుపెట్టారు. బ్రహ్మయ్య వెనక్కి తిరిగి చెన్నకేశవులు వైపు చూశాడు.

ఇలాగే కూర్చుంటే చాలు. ఆరునెలల్లో అంతా కూలుతుంది. చైనా లారీలు రావు, కాయ రంగు మారుతుంది, ఈ లేచినవాళ్ళే బ్రహ్మయ్య ఇంటిమీదికి వెళ్తారు. అప్పుడు తాను ఒక్క మాట కూడా అనకుండానే అంతా జరిగిపోతుంది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో చెన్నకేశవులు దాచుకోలేదు, తన దగ్గర తాను. వరసలో నిలబడ్డవాళ్ళను చూశాడు. కల్లంలో కాయ తిరగేసి తిరగేసి వేళ్ళు ఎర్రబడ్డ మనుషులు. వాళ్ళతో ఆయనకు ఏ పోటీ లేదు.

ఆయన లేచి మైకు దగ్గరికి నడిచాడు. "ఆగండి. బ్రహ్మయ్య చెప్పింది అణకువ కాదు. నిజం."

"సారుకి కుళ్ళు!" అని వెనక నుంచి ఒక గొంతు అరిచింది. "ఇందాక లెయ్యను గూడా లెయ్యలా!"

నవ్వులు లేచాయి. ధనమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురవమ్మ మాత్రం మొగుడి ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"అవును," అన్నాడు చెన్నకేశవులు. "కుళ్ళే. నెల రోజులుగా నాకు నిద్ర లేదు. ఆ కుళ్ళుతోనే ఈ వీడియో మొదలూ తుదీ తవ్వాను. అది లేకపోతే ఇంత ఓపిక ఉండేది కాదు. అయితే ఒక్క మాట. థర్మామీటరు చదివేవాడికి జ్వరం ఉన్నంత మాత్రాన థర్మామీటరు అబద్ధం చెప్పదు. నన్ను నమ్మకండి. మీ చెవుల్ని నమ్మండి. నదీం, పాట లేకుండా వెయ్యి."

నదీం ఒక్క క్షణం తటపటాయించి వేశాడు. ఆడగొంతు ప్రకటించింది, కుర్చీలు చప్పుడయ్యాయి, బ్యాండు మొదలైంది. ఆ వెంటనే చెన్నకేశవులు తన ఫోను మైకుకు ఆనించి చైనా జాతీయగీతం వినిపించాడు. హాలులో గుసగుసలు తగ్గాయి. వరస కట్టినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు పక్కకు తొలిగారు.

"అయితే ఏంది సార్?" అన్నాడు ఆంజనేయులు, గొంతు తగ్గించకుండా. "గీతానికీ లేచి ఉంటారు, మనోడికీ లేచి ఉంటారు. రెండూ కలిసొచ్చినయ్యేమో!"

"మంచి ప్రశ్న," అన్నాడు చెన్నకేశవులు. ఆ మాట ఆయన క్లాసులో అనేది. "కలిసి వచ్చినవాటిని విడదీసి చూడాలి. గీతం లేనప్పుడు, బ్రహ్మయ్య ఒక్కడే ఉన్నప్పుడు ఏం జరిగిందో చూద్దాం. నదీం, రెండోది."

ఎవరూ చూడని వీడియో తెర మీదికి వచ్చింది. అదే హాలు, అందరూ కూర్చుని ఉన్నారు. ఆడగొంతు ఒక్కో దేశం పేరూ చదువుతోంది. ఇండియా అంది. తరువాత బ్రహ్మయ్య పేరును నాలుగు ముక్కలు చేసి, గౌరవంగానే పలికింది. బ్రహ్మయ్య లేచి కండువా సర్దుకుని వేదిక మెట్లు ఎక్కాడు. హాలు నిండా చప్పట్లు మోగాయి. అవి నిజమైన చప్పట్లే. చెన్నకేశవులు ఇంకా ఎన్నాళ్ళు కుమలడానికైనా చాలినంత నిజమైనవి.

మొదటి వరసలో ఒకాయన చప్పట్లు కొడుతూనే చేతిగడియారం చూసుకున్నాడు. ఆయన పక్కనావిడ మూత కప్పు అందుకుంది. ఆ హాలులో ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదు.